పంటిగుర్తు

సికిందరాబాదును నేటికిని లష్కరనియే పిలుచు వృద్ధులు కొందఱు మిగిలియున్న సీతాఫల్‌మండిలో, మా సందులోని పిల్లలు, బడులకు సెలవు లిచ్చినది మొదలు, ప్రతిదినము మధ్యాహ్నము మూడు గంటలకు మా గుమ్మమున చేరి, నా గృహిణి శీతలపేటిక తలుపు తెఱచు చప్పుడునకై చెవులొగ్గి కూర్చుందురు. శీతలపేటిక యనునది నా మాట. తక్కిన లోకమంతయు దానిని ఫ్రిజ్జనును. అందుండి వెలువడు వస్తువునకు పిల్లలు పెట్టిన పేరు ‘అమ్మమ్మ ఐసు’. గంట వాయించుకొనుచు తోపుడుబండిపై వచ్చు పుల్లఐసు వేఱు. కిరాణాదుకాణములలో సన్నని ప్లాస్టికు గొట్టములందు గడ్డకట్టించి ‘పెప్సీ’ అను నామముతో అమ్ము రంగుల తీపినీరు వేఱు. వానికి వెల కలదు. దీనికి వెల లేదు; వేచియుండుట యొక్కటియే పిల్లలు చెల్లింపవలసినది.

చేయు విధానము పెద్ద రహస్యమేమియు కాదు. చిక్కని పాలు ఒక లీటరు ముప్పాతిక వంతునకు మరుగునట్లు సన్నని సెగపై కాచి, చక్కెర వేసి, చల్లని పాలలో కలిపిన చెంచాడు కస్టర్డుపొడిని అందు పోసి, నేతిలో దోరగా వేగిన సేమియాను ఉడికించి, ఏలకులపొడి చల్లి, చల్లారిన పిదప స్టీలుగ్లాసులలో నింపి మంచు అఱలో నుంచును. రెండు గంటలకు అంచులు బిగిసి నడుమ మెత్తగా నున్న వేళ ఒక్కొక్క గ్లాసును చెంచాతో అడుగునుండి కలియబెట్టి, అటుపిమ్మటనే వెదురుపుల్లను నిలుపును. ముందుగా నిలిపినచో పుల్ల యొరగును. కలుపకున్నచో సేమియా అడుగంటును. మఱునాడు గ్లాసును కొంచెముసేపు కుళాయినీటిలో నుంచి పుల్లను త్రిప్పినచో ఐసు ఊడివచ్చును. ఈ నడుమనే పిల్లల కోర్వరాని కాలము. ‘‘అయిందా అమ్మమ్మా?’’ అని వారు మాటిమాటికి తలుపు తెఱతురు. తెఱచినప్పుడెల్ల వెలుపలి వేడిమి లోనికి పోయి, కానున్నది మఱింత ఆలస్యమగును. ‘‘మీరు చూసినకొద్ది ఆలస్యమైతది, తలుపు పెట్టుండ్రి’’ అని ఆమె గదుమును. ఫలాపేక్షయే ఫలమున కడ్డమగుట నేను గీతాభాష్యములలో చదివితిని; ఆ పిల్లలు ప్రతిదినము ఫ్రిజ్జు ముందు నిలువబడి నేర్చుకొనుచున్నారు, నావలెనే నేర్చినది మఱచుచున్నారు.

ఈ వేసవిలో ఒకనాడు జరిగిన సంగతి నన్నీ వ్యాసమునకు పురికొల్పినది. ఎదురింటి బాలిక, ఏడేండ్లది, తన ఐసును అందుకొని ఒక్కమాఱు కొఱికెనో లేదో, మోండా మార్కెటునకు బయలుదేరిన తల్లి కేకవేసెను. బాలిక క్షణమాలోచించి, ఐసును మరల గ్లాసులో నిలిపి, ‘‘అమ్మమ్మా, ఇది నాది, ఎవ్వలకియ్యకు. నా పంటిగుర్తున్నది సూడు’’ అని హెచ్చరించి, దానిని మంచు అఱలో పెట్టించి పోయెను. ఆ సాయంకాలము ఈదురుగాలి లేచి, మా సందులో ఒక చెట్టుకొమ్మ తీగలపై కూలి, విద్యుత్తు పోయెను. వెనువెంటనే వడగండ్లు పడెను. లోపల ఐసు కరుగుచుండగా వెలుపల ఆకాశము ఐసును కురిపించు ఆ వింతను పిల్లలు గమనించిరో లేదో కాని, గిన్నెలు పట్టుకొని వాకిళ్ళలో పరుగులిడిరి. విద్యుత్తు నడిరాత్రి గాని తిరిగిరాలేదు. అప్పటికి గ్లాసులోని దంతయు పాలై, పుల్ల యొకప్రక్కకు వాలి, సేమియా అడుగునకు చేరియుండెను. మేము నిద్రించుచుండగా అది తనంతట తానే తిరిగి గడ్డకట్టెను.

తెల్లవాఱగానే బాలిక వచ్చి, గ్లాసు నందుకొని, ఐసును పైకి లాగి, నలుప్రక్కల త్రిప్పి చూచి, నా వైపు తిరిగి, ‘‘తాతా, ఇది నా ఐసు గాదు. నేను గొరికిన గుర్తేది?’’ అని యడిగెను. నేను జరిగినదంతయు వివరించి, అవే పాలు, అదే చక్కెర, అదే గ్లాసు, అదే పుల్ల యనియు, ఎవ్వరును ముట్టలేదనియు నచ్చజెప్పబోతిని. ఆమె కొన నాకి చూచి, ‘‘పాలు గవ్వే. ఐసు మాత్రం గది గాదు’’ అని తీర్పు చెప్పెను. ఏబదియేండ్లుగా శాస్త్రగ్రంథములు తిరుగవేసిన నాకు సమాధానము తోచలేదు.

ఆమె రుచిచూచి పలికిన మాట భౌతికముగా సత్యమే. చక్కెర కలిసిన పాలు సున్న డిగ్రీలకు దిగువనే గడ్డకట్టనారంభించును. కట్టునపుడు మంచుస్ఫటికములలో చేరునది నీరు మాత్రమే. చక్కెర వెలికి త్రోయబడి స్ఫటికముల సందులలో చిక్కదనముగా నిలుచును. పుల్లఐసును గట్టిగా పీల్చినచో రంగును తీపియు నోటికి వచ్చి తెల్లని చప్పిడి గడ్డ పుల్లకు మిగులుట పిల్లలందఱెఱిగిన అనుభవము, కారణ మిదియే. సగము బిగిసిన వేళ కలియబెట్టినచో స్ఫటికములు చిన్నవై తీపి అంతట సమముగా సర్దుకొనును. ఎవ్వరును కలుపకుండ తానై బిగిసినచో స్ఫటికములు పెద్దవై, పైన మంచుపలుకులును అడుగున చక్కెరయు సేమియాయు వేఱుపడును. ద్రవ్యము తులమైనను మాఱలేదు, మాఱినది కూర్పు. ఇక ప్రశ్న ఏమనగా: కూర్పు పోయి ద్రవ్యము నిలిచినప్పుడు, ‘అదియే యిది’ అనుటకు మనకు హక్కు కలదా?

మన శాస్త్రకారులు మంచుగడ్డను విస్మరింపలేదు. ఎండదేశపువారగుటచే దానిని వడగల్లు రూపముననే ఎక్కువగా ఎఱిగియుందురు. జలము గట్టిపడుటయు కరుగుటయు తేజస్సంయోగముచేతనే యని కణాదుని వైశేషికసూత్రములు చెప్పినవి. గట్టిపడుటకు వేడిమి యేల యని నవ్వుకొనువారు ఒకసారి తమ ఫ్రిజ్జు వెనుక చేయి పెట్టి చూడవలెను. పాలనుండి తీసిన వేడిమియంతయు అక్కడ వెలువడుచుండును. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహములో ద్రవత్వమును రెండు విధములుగా విభజించి, నేయి మొదలగువానిలో అది నిప్పుచే కలుగునదనియు, నీటిలో మాత్రము స్వభావసిద్ధమనియు నిర్ణయించెను. అట్లయినచో వడగల్లు నీరు కాదా? ఈ శంకకు 17వ శతాబ్దివాడైన విశ్వనాథపంచాననుడు న్యాయసిద్ధాంతముక్తావళిలో చెప్పిన సమాధానము మిక్కిలి చమత్కారమైనది. వడగల్లును నీరే, దాని ద్రవత్వము అదృష్టవిశేషముచే అడ్డగింపబడినది, కాఠిన్యము మన భ్రాంతి.

ఇక్కడ అదృష్టమనగా మన వాడుకలోని లాటరీ అదృష్టము కాదు. జీవులు పూర్వము చేసిన పుణ్యపాపములు కంటికి కనబడకుండ నిలిచియుండి, వారి భోగమునకు తగిన వస్తువుల నేర్పఱచు శక్తికి తార్కికులు పెట్టిన పేరది. అనగా, నీరు గడ్డకట్టుటకు హేతువు నీటిలోనే లేదు. దానిని అనుభవింపబోవు భోక్తలలో నున్నది. మా ఫ్రిజ్జులోని ఐసు బిగియుట మా సందు పిల్లల పుణ్యముచేతనే యని న్యాయశాస్త్రసమ్మతముగా చెప్పవచ్చును. ఆ రాత్రి కరుగుట ఎవరి పాపముచేతనో చెప్పుటకు మాత్రము చెట్టుకొమ్మను సాక్షికి పిలువవలసియుండును. నవ్వునకన్న మాట అట్లుండనిండు. వస్తువు స్వరూపమున భోక్తకును భాగము కలదను ఆ భావమును పాఠకుడు మఱవకుండ నుంచుకొనవలెను. దానితో నాకు ముందు పని యున్నది.

వేదాంతులకును మంచుగడ్డ అక్కఱకు వచ్చినది. కుండ చేయుటకు కుమ్మరివానికి కఱ్ఱయు చక్రమును వలయును గదా, ఏ పరికరమును లేని బ్రహ్మము జగత్తు నెట్లు సృజించుననెడి ఆక్షేపణకు, బ్రహ్మసూత్రముల రెండవ అధ్యాయము మొదటి పాదమున 24వ సూత్రము పాలను దృష్టాంతముగా చూపును. శంకరులు దానిని వ్యాఖ్యానించుచు, పాలు పెరుగగునట్లును నీరు మంచగునట్లును, వెలుపలి సాధనము నపేక్షింపకయే బ్రహ్మము జగద్రూపమున భాసించునని చెప్పిరి. పాలు తోడుకొనుటకును వేడిమి కావలెను గదా యని ప్రతివాది అడుగకపోలేదు. వేడిమి త్వరపెట్టునేగాని లేని స్వభావమును పుట్టింపజాలదు. గాలిని ఎంత కాచినను పెరుగగునా? అని సమాధానము. నిజమే. కాని లష్కరువాసి యెవ్వడును నీరు తనంతట మంచగుట చూచియుండడు. అతనికి మంచన్నచో తీగయు, మీటయు, నెల తిరుగగానే వచ్చు బిల్లును. భాష్యకారుల దృష్టి హిమవత్పర్వతముపై నున్నది. మా ప్రతివాది కూలిన చెట్టుకొమ్మ.

దక్షిణేశ్వరమున రామకృష్ణపరమహంస ఇదే దృష్టాంతమును మఱియొక విధముగ త్రిప్పెను. పరబ్రహ్మము తీరములేని సముద్రము వంటిదనియు, భక్తి యను చలువచే ఆ నీరు అక్కడక్కడ గడ్డకట్టి రూపము దాల్చుననియు, జ్ఞానసూర్యు డుదయింపగా ఆ రూపము కరిగి నీరే యగుననియు ఆయన బోధ. ఆయన శిష్యుడైన వివేకానందస్వామి చికాగో సభకు పోకమునుపు, 1893 ఫిబ్రవరి 13వ తేదీన, మా సికిందరాబాదులోని మహబూబు కళాశాలలో, తాను పాశ్చాత్యదేశములకు పోవ నుద్దేశించిన కార్యమునుగూర్చి ఉపన్యసించెను. తిరిగివచ్చిన పిమ్మట, 1897 ఫిబ్రవరిలో, మద్రాసున ఆయన విడిసిన భవనము పేరు ఐస్ హౌసు. గురువు మంచుగడ్డను ఉపమానముగా వాడగా, శిష్యుడు మంచుకొట్టులో బస చేసెను.

ఆ కొట్టు కట్టబడినది అమెరికాలో చెఱువులు గడ్డకట్టినప్పుడు కోసి ఓడల కెక్కించిన మంచును దాచుటకు. ఫ్రెడరిక్ ట్యూడరను బోస్టను వర్తకుడు 1833లో ‘టస్కనీ’ అను ఓడలో సుమారు 180 టన్నుల మంచును కలకత్తాకు పంపగా, నాలుగు మాసముల ప్రయాణమున కరిగినది కరుగగా దాదాపు 100 టన్నులు ఒడ్డు చేరెను. 1846–47 శీతకాలమున ఇట్టి మంచుకోత వాల్డెను చెఱువున జరుగుచుండగా, ఆ ఒడ్డున కుటీరము కట్టుకొని భగవద్గీత చదువుచున్న థోరో, తన చెఱువునీరు గంగాజలముతో కలియునని తలచి మురిసి, 1854లో వెలువడిన తన గ్రంథమున ఆ మాట వ్రాసికొనెను. నీటి అద్వైతమును గూర్చి ఇంతకన్న అందమైన భావన యుండబోదు. ఐనను ఒక సంగతి గమనింపుడు. కలకత్తా రేవున గంగ నిండుగా పాఱుచుండగా, అచ్చటి ధనికులు రూపాయలిచ్చి కొన్నది నీటిని కాదు. దారిలో కరిగి సముద్రమున కలిసిన 80 టన్నులలో అణువైనను నశింపలేదని వేదాంతి చెప్పును. ట్యూడరు మాత్రము దానిని నష్టముక్రిందనే వ్రాసికొనెను. ద్రవ్యము నిత్యమను వాక్యము సత్యమగుచుండగనే, రూపము పోయిన నష్టమును నిజమైన నష్టమే.

‘ఆ దేవదత్తుడే యీతడు’ అను వాక్యమును అద్వైతులు విచారించు పద్ధతి విద్యార్థులెఱిగినదే. అప్పటి కాలము, అచ్చటి దేశము, ఇప్పటి కాలము, ఇచ్చటి దేశము – ఈ విరుద్ధాంశములను విడిచినచో మిగిలిన వ్యక్తిమాత్రమున అభేదము సిద్ధించును. నేను బాలికయెడ ప్రయోగింపబోయినది ఈ తర్కమే. నిన్నటి మెత్తదనమును, నేటి కరకుదనమును, నిలిచిన పుల్లను, ఒరిగిన పుల్లను, ఉన్న గుర్తును, లేని గుర్తును త్రోసివేసినచో మిగులునవి పాలు, పాలు అవే. ఆమె దాని నంగీకరించెను. అంగీకరించియే నన్నోడించెను: తాతా, నీవు త్రోసివేసిన వానినే నేను కావలెనన్నది. బౌద్ధులు చెప్పునదియు ఆమెను తృప్తిపఱుపజాలదు. పాలు, పెరుగు, వెన్న, నేయి ఒకటియు కావు, వేఱును కావు, ఎడతెగని సంతానమని నాగసేనభిక్షువు మిళిందరాజునకు చెప్పెను. కరగిన ఐసును తిరిగి బిగిసిన ఐసును ఒకే ప్రవాహమునకు చేరినవే. కాని పంటిగుర్తు ఆ ప్రవాహమున ఎక్కడనో కొట్టుకొనిపోయినది.

నా తల్లి గతించిన దినములలో పరామర్శకు వచ్చిన పెద్దలందఱును ఆత్మకు చావులేదని బోధించిరి. వారి మాటలో అసత్యములేదని నా కప్పుడును తెలియును, ఇప్పుడును తెలియును. ఐనను వారు వెళ్ళిన పిదప ఇల్లు మఱింత బోసిపోయినట్లుండెను. ఏలనో ఆనాడు తెలియలేదు. మా అమ్మ పులుసు కాగుచుండగా గరిటెతో ఒక చుక్క అఱచేతిలో వేసికొని, నాకి, నాలుకతో చిన్న చప్పుడు చేసెడిది. ఆ చప్పుడునుబట్టి ఉప్పు చాలినదో లేదో పక్కగదిలోని మాకు తెలిసిపోయెడిది. నాకు కావలసినది ఆ చప్పుడు. వారు నాకిచ్చినది చైతన్యము. ఐసు అడిగినవారికి పాలు పోసి, రెండును ఒకటియే గదా యని వారు తృప్తిగా వెళ్ళిపోయిరి. నిత్యవస్తు వొకటి కలదను జ్ఞానము అనిత్యమునకు ఆధారము కావచ్చును. దానికి బదులు మాత్రము కాజాలదు. నిత్యానిత్యవివేకమనగా రెంటిని వేఱుపఱచి తెలిసికొనుటయే గాని, ఒకదానిని చూపి రెండవదాని ఋణము తీర్చుట కాదు.

అట్లని నశించినదానియెడ చేయదగిన దేదియు లేదా? మా ఊరి ఆచారములలోనే దీనికి జవాబున్నదని నాకు తోచుచున్నది. భాద్రపదమున చవితినాడు మట్టితో వినాయకుని చేసి, ప్రాణప్రతిష్ఠ చేసి, పూజించి, తుదకు జంటనగరముల నడుమనున్న హుస్సేన్‌సాగరున కలుపుదురు. మట్టి కరిగి నీట కలియును. మఱుసటి యేడు పాతమట్టినే వెదకి తెచ్చి చేయవలెనని ఎవ్వరైనను పట్టుపట్టిరా? లేదు. మట్టి క్రొత్తది, చేసిన చేయి వేఱు, తొండము వంపు వేఱు. ఐనను వచ్చినది ఆ స్వామియే యని సందులోని పసివానికిని సందేహములేదు. మా గ్లాసులో ద్రవ్యమంతయు అదియేయైనను ఐసు అది కాలేదు. మండపమున ద్రవ్యమంతయు వేఱైనను దేవుడు ఆయనయే ఐనాడు. కావున ‘అదియే’ అను మాటకు ఆధారము ద్రవ్యమున లేదని స్పష్టము. మఱెక్కడ నున్నది? గ్లాసులోని పాలు రాత్రి ఎవ్వరును లేనివేళ, ఎవ్వరును కలియబెట్టకుండ, వాటంతట అవి బిగిసినవి. వినాయకు డట్లు తనంతట తాను రాడు. ఏటేట కొన్ని చేతులు మన్ను పిసికి, పత్రి కోసి, ఉండ్రాళ్ళు చుట్టి, ఆయనను రప్పించును. విశ్వనాథపంచాననుడు హేతువును భోక్తయందు వెదకుట నవ్వులాట కాదని నా కిక్కడ తెలిసినది. తేడా ఒక్కటే: తార్కికుని అదృష్టము తెలియకుండ పనిచేయును, ఇది తెలిసి చేయవలసినది. దీనికి మనవారు పెట్టిన పేరు శ్రద్ధ. ఆ మాటనుండియే శ్రాద్ధమను మాట పుట్టినది. తద్దినము పోయినవారిని తిరిగి తేదు. తెచ్చునని శాస్త్రమును చెప్పలేదు. ఏడాదికొకసారి కూర్చుండి, వారి పేరును గోత్రమును ఉచ్చరించి, వారి కిష్టమైనది వండి, అడుగంటిపోవుచున్న జ్ఞాపకమును మరల ఒకసారి కలియబెట్టును. అంతే. అంతకు మించి నాకు చేతనైన ఓదార్పు లేదు. అంతకు తక్కువైనదానితో నాకు తృప్తియు లేదు.

ఈ విచారమంతయు నాకు తరువాత కలిగినది. ఆ ప్రొద్దున నేను దిక్కుతోచక నిలుచుండగా, నా గృహిణి వాదములోనికి దిగకయే పొయ్యిపై పాలు పెట్టెను. రెండు గంటలు బిగిసిన పిదప బాలికను పిలిచి, చెంచా చేతికిచ్చి, ‘‘అడుగుకెళ్ళి కలుపు బిడ్డా’’ అనెను. బాలిక కలియబెట్టి, నాలుక కొనను పండ్లనడుమ బిగబట్టి, పుల్లను నిటారుగా నిలిపెను.

మఱి ఆ పాత గ్లాసు? బాలిక తమ్ముడు మూడేండ్లవాడు, అక్క చంక దిగి, ఆ తిరిగి బిగిసిన ఐసును రెండుచేతుల పట్టుకొని, ముక్కునకును గడ్డమునకును పూసికొనుచు, లోకమున మొదటి ఐసును తినుచున్నవానివలె తినుచుండెను. పోల్చిచూచుటకు వానికి నిన్న అనునది లేదు. నేను పట్టువిడువక, ‘‘అది నీదే గదా, వానికెందు కిచ్చితివి?’’ అని అక్కను కదలించితిని. ఆమె తలుపు మూసిన ఫ్రిజ్జునుండి చూపు మరల్పకయే బదులు చెప్పినది:

‘‘ఇప్పుడది వానిది తాతా. వాడు గొరికిండు గద.’’